టోంగా ఆర్థిక వ్యవస్థలో ప్రవాసులు పంపే సొమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యక్తిగత రెమిటెన్సులు అంటే సరిగ్గా ఏమిటి?

విదేశంలో ఉంటున్న మనిషి స్వదేశంలోని తన వారికి పంపే డబ్బునే వాడుకలో రెమిటెన్సు అంటాము. లెక్కలు కట్టే సంస్థలు మాత్రం ఇందులో రెండు వేర్వేరు పద్దులను కలుపుతాయి. ఆక్లాండ్‌లో ఇరవై ఏళ్ళుగా స్థిరపడిన కూతురు దక్షిణ పసిఫిక్ ద్వీప దేశమైన టోంగా రాజధాని నుకుఅలోఫాలోని తల్లికి నెలనెలా పంపేది వ్యక్తిగత బదిలీ. ఏడు నెలల పాటు న్యూజిలాండ్ తోటల్లో యాపిళ్ళు కోసి తిరిగి వచ్చే కొడుకు సంపాదించేది, అతను ఏడాదికి మించి అక్కడ ఉండడు కాబట్టి, టోంగా నివాసి విదేశంలో పొందిన వేతనం. ఈ రెండూ కలిస్తేనే వ్యక్తిగత రెమిటెన్సులు.

రెండవ పద్దులో ఒక చిక్కు ఉంది. అంతర్జాతీయ లెక్కల పద్ధతి ప్రకారం ఆ కొడుకు జీతం మొత్తం ఈ పద్దులో చేరుతుంది. అతను అక్కడ తిండికి, గది అద్దెకు పెట్టిన ఖర్చు మరో పద్దులో నమోదవుతుంది. కాబట్టి పట్టికల్లో కనిపించే అంకె, నిజంగా ఇంటికి చేరిన డబ్బు కంటే ఆ మేరకు పెద్దదిగా ఉండవచ్చు. మరోవైపు, సెలవులకు వచ్చేవారు జేబులో పెట్టుకుని తెచ్చే నోట్లు, ఓడల మీద పెట్టెల్లో పంపే బట్టలు, వంటసామాను, నిలవ ఉండే ఆహార పదార్థాలు చాలావరకు ఏ బ్యాంకు లెక్కలోకీ రావు. ఈ విషయంలో ఏ అంకెనైనా పైసాతో సహా సరిపోయేదిగా చూడకూడదు.

చిన్న ద్వీప దేశాలు చాలా ఉండగా టోంగానే ఎందుకు తీసుకోవాలి?

ప్రవాసులు పంపే డబ్బు మీద ఇంతగా ఆధారపడిన దేశాలు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కించదగినన్నే ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు పట్టికల్లో టోంగా కొన్నేళ్ళుగా అగ్రభాగాన కనిపిస్తోంది. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడికి వచ్చిన రెమిటెన్సులు జీడీపీతో పోల్చితే 40 శాతానికి పైగా ఉన్నాయి. దేశ జనాభా 2021 జనగణన ప్రకారం లక్షకు కాస్త ఎక్కువ. దాదాపు 170 దీవుల్లో ఎక్కువ భాగం నిర్మానుష్యం, మొత్తం నేల సుమారు 750 చదరపు కిలోమీటర్లు. ఎగుమతి చేయగలిగినవి జపాన్‌కు పంపే ఒక రకం గుమ్మడి, చేపలు, వెనిల్లా, కావా (వేళ్ళతో పానీయం చేసే ఒక మొక్క), దుంపకూరలు. దిగుమతి చేసుకోవలసినవి ఇంధనం మొదలుకొని సిమెంటు, మాంసం, బియ్యం దాకా ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఉన్న అగాధాన్ని ప్రధానంగా పూడ్చేవి ప్రవాసుల సొమ్ము, విదేశీ సహాయం. చిన్న ద్వీపంలో రెమిటెన్సులు ఏం చేస్తాయో, ఏం చేయలేవో ఇంత స్పష్టంగా చూపే చోటు మరొకటి దొరకడం కష్టం.

అంటే టోంగా ఉత్పత్తిలో 40 శాతం ఈ డబ్బేనా?

కాదు. ఈ పొరపాటు పత్రికల్లో సైతం కనిపిస్తుంది. జీడీపీ అంటే దేశం హద్దుల లోపల జరిగిన ఉత్పత్తి విలువ. తోబుట్టువు పంపిన డబ్బు ఆ ఉత్పత్తిలో భాగం కాదు, దాని పక్కన అదనంగా వచ్చి చేరేది. దేశంలో వంద రూపాయల ఉత్పత్తి జరిగితే, బయటి నుంచి మరో నలభై పైచిలుకు వస్తున్నాయని అర్థం చేసుకోవాలి. అంటే ప్రజలు ఖర్చు పెట్టగల, దాచుకోగల ఆదాయం జీడీపీ సూచించే దానికన్నా గణనీయంగా ఎక్కువ. టోంగా ప్రజల జీవన స్థితిని జీడీపీ ఒక్కదానితో కొలిచేవారు అందుకే తరచూ పొరబడతారు.

ఇంతమంది టోంగన్లు విదేశాలకు ఎందుకు వెళ్ళారు?

మొదటి కారణం నేల. 1875 రాజ్యాంగం నాటి నుంచి రూపుదిద్దుకున్న భూవిధానం ప్రకారం పదహారేళ్ళు నిండిన ప్రతి టోంగన్ పురుషుడికీ ఎనిమిదింపావు ఎకరాల సాగుభూమి పొందే హక్కు ఉంది. భూమిని అమ్మడం నిషేధం. నేలను పరాయివారి చేతుల్లో పడకుండా కాపాడిన ఈ విధానాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఇరవయ్యో శతాబ్దం మధ్యకు జనాభా పెరిగేసరికి పంచడానికి నేల మిగల్లేదు. ఉద్యోగాలు ప్రధానంగా ప్రభుత్వంలోనూ, చర్చి నడిపే పాఠశాలల్లోనూ మాత్రమే ఉండేవి.

రెండవ కారణం పిలుపు. 1960లు, 70లలో న్యూజిలాండ్ ఫ్యాక్టరీలకు చేతులు కావలసి వచ్చాయి. టోంగన్లు, సమోవన్లు తాత్కాలిక అనుమతులతో వెళ్ళారు. ఆ దేశ ఆర్థిక వ్యవస్థ దెబ్బతిన్నాక, 1970ల మధ్యలో, వీసా గడువు దాటినవారి కోసం పోలీసులు తెల్లవారుజామున పసిఫిక్ ద్వీపవాసుల ఇళ్ళ మీద పడ్డారు. ఆ 'తెల్లవారుజాము దాడుల'కు న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ 2021 ఆగస్టు 1న అధికారికంగా క్షమాపణ చెప్పారు. ఇంటికి వచ్చే డబ్బు గురించి మాట్లాడేటప్పుడు దాన్ని సంపాదించినవారు ఏం భరించారో మరిచిపోకూడదు.

అమెరికాకు దారి వేరుగా పడింది. మోర్మన్ చర్చి ద్వారా చాలామంది హవాయికీ, యూటా రాష్ట్రానికీ చేరారు. 2018 న్యూజిలాండ్ జనగణనలో తాము టోంగన్లమని చెప్పుకున్నవారు సుమారు 82 వేలు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఉన్నవారిని కలిపితే దేశం లోపల కంటే బయట ఉన్న టోంగన్ల సంఖ్యే ఎక్కువ.

సీజనల్ కార్మికుల పథకాలు ఏమిటి?

2007లో న్యూజిలాండ్ తన పండ్ల తోటలకూ ద్రాక్ష తోటలకూ పసిఫిక్ దేశాల నుంచి కార్మికులను రప్పించే ఆర్.ఎస్.ఇ. పథకాన్ని ప్రారంభించింది. తొలి ఏడాది పరిమితి 5,000 మంది. తరువాత అది అనేక రెట్లు పెరిగింది. కార్మికుడు 11 నెలల కాలంలో గరిష్ఠంగా 7 నెలలు ఉండవచ్చు. దూరం ఎక్కువ, ప్రయాణ ఖర్చు ఎక్కువ కాబట్టి కిరిబాటి, టువాలు వారికి 9 నెలలు. ఆస్ట్రేలియా ఇలాంటి ప్రయోగాన్ని 2008లో ప్రకటించి, 2012లో శాశ్వత పథకంగా మార్చి, 2022లో తన పసిఫిక్ కార్మిక పథకాలన్నింటినీ పాల్మ్ అనే ఒకే గొడుగు కిందకు తెచ్చింది.

న్యూజిలాండ్ పథకం కుటుంబాల మీద చూపిన ప్రభావాన్ని జాన్ గిబ్సన్, డేవిడ్ మెకెంజీ అనే ఆర్థికవేత్తలు టోంగా, వనువాటులలో ఇంటింటి సర్వేలతో పరిశీలించారు. పథకంలో పాల్గొన్న కుటుంబాల తలసరి ఆదాయం రెండు దేశాల్లోనూ 30 శాతానికి పైగా పెరిగిందని వారు తేల్చారు. అభివృద్ధి కార్యక్రమాల చరిత్ర తెలిసినవారికి ఇది ఎంత పెద్ద ఫలితమో అర్థమవుతుంది. చదువు తక్కువైనా, గ్రామం దాటి ఎరగకపోయినా ఈ పని దొరుకుతుందన్నది అన్నింటికన్నా ముఖ్యం. శాశ్వత వలసకు అర్హత లేనివారికి తెరుచుకున్న తలుపు ఇది.

'మిరాబ్' అనే మాట వినిపిస్తుంది. దాని అర్థం ఏమిటి?

జెఫ్రీ బెర్ట్రామ్, రే వాటర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో పసిఫిక్ సూక్ష్మ దేశాలను వర్ణించడానికి వాడిన మాట ఇది. వలస, రెమిటెన్సులు, విదేశీ సహాయం, ప్రభుత్వోద్యోగ యంత్రాంగం అనే నాలుగింటి ఆంగ్ల తొలి అక్షరాలతో ఏర్పడింది. ఇలాంటి దేశాల్లో ఆదాయం ఎగుమతుల ద్వారా కాక ఈ నాలుగింటి ద్వారా వస్తుందనీ, ఇది తాత్కాలిక దశ కాదనీ, తనంత తానుగా నిలదొక్కుకోగల స్థితి అనీ వారు వాదించారు. నాలుగు దశాబ్దాల తరువాత కూడా టోంగా స్థితి ఆ వర్ణనకు దగ్గరగానే ఉంది. ఇలాంటి ఆధారపడటం రోగమనీ, ఏదో ఒక రోజు నయం కావాలనీ అనుకునేవారు ఆ వాదాన్ని ఒకసారి శ్రద్ధగా ఆలోచించాలి. ఫ్యాక్టరీ పెట్టడానికి మార్కెటు లేని చోట, ఓడ రవాణా ఖర్చే లాభాన్ని మింగేసే చోట, మనుషులు పని ఉన్న చోటికి వెళ్ళి ఫలితాన్ని ఇంటికి పంపడం వివేకమైన నిర్ణయమే.

వచ్చిన డబ్బు ఇంట్లో దేనికి ఖర్చవుతుంది?

తిండి, కరెంటు బిల్లు, బడి ఫీజులు, ఇంటి మరమ్మతు మొదట వస్తాయి. ఆ తరువాత వచ్చే ఖర్చును అర్థం చేసుకోవాలంటే 'కవెంగా' అనే టోంగన్ మాట తెలియాలి. దాని అసలు అర్థం మోయవలసిన బరువు. పెళ్ళి, చావు, బంధువుల పట్ల బాధ్యత, చర్చికి ఇవ్వవలసినది అన్నీ ఆ మాటలోనే ఇమిడి ఉన్నాయి. ఏటా జరిగే 'మిసినాలే' అనే చర్చి విరాళాల రోజున ఒక్కొక్క కుటుంబం పేరు చదివి, ఇచ్చిన మొత్తాన్ని అందరి ముందు ప్రకటించడం ఆనవాయితీ. ఆ రోజు దగ్గర పడుతుంటే ఆక్లాండ్, సిడ్నీ, సాల్ట్ లేక్ సిటీలలోని ఫోన్లు మోగుతాయి. గౌరవం కోసం అప్పు చేసి ఇచ్చే కుటుంబాలు ఉన్నాయి. ఇది బయటివారికి వృథాగా కనిపించవచ్చు. కానీ ఆపద వచ్చినప్పుడు అదే బంధుబలగం, అదే చర్చి ఆ కుటుంబాన్ని ఆదుకుంటాయి. బీమా కంపెనీలు లేని పల్లెలో బీమా ఇదే.

డబ్బు వచ్చే దారిలోనే మరో ప్రవాహం వెనక్కి నడుస్తుందన్న విషయాన్ని ఆర్థిక పట్టికలు చూపవు. దీవుల్లోని స్త్రీలు నెలల తరబడి నేసిన చాపలు, మల్బరీ జాతి చెట్టు లోపలి బెరడును చెక్క సుత్తితో కొట్టి కొట్టి పలచని వస్త్రంగా సాగదీసి, రంగులు అద్ది చేసే 'ంగాతు' చుట్టలు, తోటలో పండిన పెండలం, చేమ దుంపలు, కావా వేళ్ళు విమానాలెక్కి, ఓడలెక్కి ప్రవాసుల ఇళ్ళకు చేరతాయి. అక్కడి పెళ్ళికీ అంత్యక్రియలకూ అవి లేకపోతే కార్యక్రమం పూర్తయినట్టు కాదు. టోంగన్లు వీటిని 'కోలోవా' అంటారు, అంటే సంపద. డబ్బు పంపడాన్ని ఒకవైపే సాగే దానంగా కాక, ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక సగంగా చూడాలన్నది ఇక్కడే అర్థమవుతుంది.

ఇదంతా వినియోగమే కదా, పెట్టుబడిగా మారాలి కదా?

ఈ విమర్శ తరచూ వస్తుంది, అందులో కొంత న్యాయం ఉంది. ఖర్చు పెట్టిన ప్రతి పాఅంగా (టోంగా కరెన్సీ)లో పెద్ద వాటా దిగుమతి సరుకుల ద్వారా వెంటనే దేశం దాటిపోతుంది; స్థానిక వడ్రంగికో రైతుకో మిగిలేది చిన్న భాగం. కానీ పిల్లను హైస్కూలులో ఉంచడం, తుఫానుకు నిలిచే పైకప్పు వేయడం, తల్లికి మందులు కొనడం పెట్టుబడి ఎందుకు కాదో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. గిబ్సన్, మెకెంజీల అధ్యయనంలోనే సీజనల్ పనికి వెళ్ళినవారి ఇళ్ళలో టోంగాలోని పెద్ద పిల్లల బడి హాజరు మెరుగుపడిందని తేలింది.

విపత్తుల సమయంలో ఈ డబ్బు ఎలా పనిచేస్తుంది?

2022 జనవరి 15న హుంగా టోంగా - హుంగా హాపై అగ్నిపర్వతం పేలింది. బూడిద తాగునీటిని పాడు చేసింది, సునామీ తీరగ్రామాలను తుడిచిపెట్టింది. మాంగో అనే చిన్న దీవిలో ఇళ్ళన్నీ పోయి అక్కడివారిని తరలించవలసి వచ్చింది. ప్రపంచ బ్యాంకు తొలి అంచనా ప్రకారం నష్టం 9 కోట్ల అమెరికన్ డాలర్లు, అంటే జీడీపీలో 18.5 శాతం. ప్రవాసులు వెంటనే డబ్బు పంపడానికి సిద్ధమయ్యారు. కానీ ఫీజీలోని సువా నుంచి వచ్చే 827 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ తెగిపోయింది.

డబ్బు బదిలీ ఎలా జరుగుతుందో తెలిస్తేనే ఆ తెగుట ఎంత పెద్ద దెబ్బో అర్థమవుతుంది. పంపేవారు కౌంటరులో డబ్బు కట్టగానే వారికి ఒక సంకేత సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యను టోంగాలోని బంధువుకు ఫోనులోనో సందేశంలోనో చెప్పాలి. బంధువు దాన్ని చెప్పి, గుర్తింపు పత్రం చూపితే, కౌంటరు వారు తమ కంప్యూటరులో సరిచూసి నోట్లు చేతికిస్తారు. కేబుల్ తెగితే సంఖ్య చెప్పడానికి దారి లేదు, సరిచూడడానికి కంప్యూటరుకు దారి లేదు. కుటుంబం బతికే ఉందో లేదో తెలియక రోజుల తరబడి తల్లడిల్లినవారికి, డబ్బు చేతిలో ఉండీ పంపలేని నిస్సహాయత తోడైంది. ఉపగ్రహ సంబంధాలతో సేవలు పరిమితంగా పునరుద్ధరించారు. కేబుల్ తిరిగి అతికేసరికి ఫిబ్రవరి 22 అయింది. 2019 జనవరిలోనూ ఇదే కేబుల్ తెగి దాదాపు రెండు వారాలు దేశానికి బయటి ప్రపంచంతో సంబంధాలు దెబ్బతిన్నాయి. దేశానికి జీవనాధారమైన డబ్బు ఒకే తీగ మీద ప్రయాణిస్తోందన్న హెచ్చరిక అప్పుడే అందింది.

విదేశీ సహాయం ఓడల్లో రావాలి, అంచనాలు వేయాలి, ఒప్పందాలు కుదరాలి. దారి తెరుచుకున్న మరుక్షణం రెమిటెన్సు నేరుగా బాధితుడి చేతికి వెళుతుంది. అయితే బయట బంధువులు లేని కుటుంబానికి ఇది అందదు. ప్రభుత్వ సహాయం ముందు వెతకవలసింది ఆ ఇళ్ళనే.

ప్రపంచ సంక్షోభాల్లో ఈ డబ్బు ఆగిపోదా?

ఒక్కోసారి ఒక్కో విధంగా జరిగింది. 2008 ఆర్థిక సంక్షోభంలో అమెరికాలో నిర్మాణ పనులు కుప్పకూలాయి, అక్కడ పని చేసే టోంగన్ల ఆదాయం పడింది, టోంగాకు వచ్చే సొమ్ము తరువాతి కొన్నేళ్ళు తగ్గింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు, పేద, మధ్యాదాయ దేశాలకు వెళ్ళే రెమిటెన్సులు 20 శాతం పడిపోతాయని ప్రపంచ బ్యాంకు ఆ ఏప్రిల్‌లో అంచనా వేసింది. అంత పతనం జరగలేదు. టోంగాకు వచ్చే డబ్బు తగ్గకపోగా పెరిగింది. పర్యాటకం ఆగి ఇంటి దగ్గర ఆదాయం పోయిందని తెలిసి ప్రవాసులు ఎక్కువ పంపారు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు తమ కార్మికులకు వేతన మద్దతు ఇచ్చాయి. ఇంకో కారణం కూడా ఉంది: సరిహద్దులు మూసేశాక జేబులో తెచ్చే నోట్లు ఆగిపోయి, అదే డబ్బు బ్యాంకుల ద్వారా వచ్చి లెక్కలో కనిపించింది. పెరుగుదలలో కొంత భాగం లెక్కలోకి వచ్చిన పాత డబ్బేనని గుర్తుంచుకోవాలి.

డబ్బు పంపడానికి అయ్యే ఖర్చు ఎందుకు ఇంత చర్చనీయాంశం?

ఈ మొత్తం వ్యవహారంలో ప్రభుత్వాలు వెంటనే సరిదిద్దగలిగినది ఇదొక్కటే కాబట్టి. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో, 2030 నాటికి పంపే ఖర్చును 3 శాతం కంటే దిగువకు తేవాలని రాసుకున్నారు. ప్రపంచ సగటు ఇప్పటికీ 6 శాతానికి పైనే ఉంది. పసిఫిక్ దేశాలకు పంపడం ఆ సగటు కంటే ఖరీదైనది.

ఖర్చు రెండు చోట్ల దాగి ఉంటుంది. ఒకటి కౌంటరులో కట్టే రుసుము, రెండవది మారకపు రేటులో కోత. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. తోటలో పనిచేసే యువకుడు వారానికి 200 న్యూజిలాండ్ డాలర్లు పంపుతాడు. రుసుము 10 డాలర్లు. మార్కెటు రేటు కంటే 3 శాతం తక్కువ రేటు ఇస్తారు, అంటే మరో 6 డాలర్లు. మొత్తం 16 డాలర్లు, పంపినదానిలో 8 శాతం. 28 వారాల సీజనులో ఇలా పోయేది 448 డాలర్లు. అదే యువకుడు నాలుగు వారాలకోసారి 800 పంపితే ఒక్కసారికి 10, 24 కలిపి 34 డాలర్లు, సీజనుకు 238. కానీ ఇంట్లో వారం వారం బియ్యం కొనాలి కాబట్టి నెల దాకా ఆగడం అందరికీ కుదరదు. తక్కువ పంపేవారే ఎక్కువ శాతం చెల్లిస్తారు. ఈ అన్యాయం స్థిర రుసుము స్వభావంలోనే ఉంది.

టోంగా అభివృద్ధి బ్యాంకు 2017లో 'ఆవే పాఅంగా పౌ' అనే సేవను ప్రవేశపెట్టి, న్యూజిలాండ్‌లోని కార్మికులు తక్కువ ఖర్చుతో నేరుగా ఆ బ్యాంకు ద్వారా పంపుకునే వీలు కల్పించింది. ప్రభుత్వ రంగ బ్యాంకు చేయవలసిన పని ఇలాంటిదే.

పెద్ద బ్యాంకులు డబ్బు బదిలీ సంస్థల ఖాతాలు ఎందుకు మూసేశాయి?

నల్లధనం, ఉగ్రవాద నిధుల నిరోధక చట్టాలు కఠినమయ్యాక, చిన్న బదిలీ సంస్థల ఖాతా ఉంచుకోవడం వల్ల వచ్చే లాభం కంటే జరిమానా భయమే పెద్దదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ బ్యాంకులు భావించాయి. 2010ల మధ్య నాటికి అనేక సంస్థల ఖాతాలు మూతపడ్డాయి. నేరం జరిగిందని కాదు, తనిఖీ ఖర్చు గిట్టుబాటు కాదని. సంస్థలు తగ్గితే పోటీ తగ్గుతుంది, పోటీ తగ్గితే రుసుము దిగిరాదు. సంపన్న దేశాల భద్రతా నియమాల ఖర్చు తోట కూలీల మీద పడటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ప్రభుత్వం ఈ సొమ్ము మీద పన్ను వేస్తుందా?

నేరుగా వేయనవసరం లేదు. ఆ డబ్బుతో కొన్న దాదాపు ప్రతి వస్తువు మీదా 2005 నుంచి అమల్లో ఉన్న 15 శాతం వినియోగ పన్ను పడుతుంది, దిగుమతి సుంకాలూ ఉంటాయి. ఖజానాకు తన వాటా ఆ రూపంలో వస్తోంది. పైగా విదేశీ మారక ద్రవ్యం చేరి, ఇంధనం కొనడానికీ అప్పులు తీర్చడానికీ కావలసిన నిల్వలు నిలుస్తాయి. నేరుగా పన్ను వేస్తే డబ్బు మళ్ళీ జేబుల్లో, పెట్టెల్లో ప్రయాణించడం మొదలుపెడుతుంది.

పంపే దేశం పన్ను వేస్తే అది వేరే సంగతి. అమెరికా 2025 జూలైలో చేసిన చట్టం ప్రకారం, నగదు చెల్లించి విదేశాలకు పంపే సొమ్ము మీద 2026 జనవరి 1 నుంచి 1 శాతం పన్ను ఉంది. బ్యాంకు ఖాతా నుంచి, అమెరికాలో జారీ అయిన కార్డు నుంచి పంపితే లేదు. యూటాలోని టోంగన్ కుటుంబాలు తెలుసుకోవలసిన తేడా ఇది.

బయటి డబ్బు ఎక్కువగా వస్తే స్థానిక ఉత్పత్తి దెబ్బతినదా?

దెబ్బతినే ప్రమాదం ఉంది. డబ్బు వచ్చినప్పుడు గిరాకీ పెరిగి స్థానిక కూలి, అద్దెలు, సేవల ధరలు పెరుగుతాయి. గుమ్మడి పండించే రైతుకు ఖర్చు పెరుగుతుంది కానీ జపాన్ మార్కెటులో ధర పెరగదు. పాఅంగా విలువను విదేశీ కరెన్సీల బుట్టకు ముడిపెట్టారు కాబట్టి ఈ ఒత్తిడి మారకపు రేటులో కాక దేశీయ ధరల్లో బయటపడుతుంది. బ్యాంకుల్లో డిపాజిట్లు పేరుకుపోయినా, భూమిని అమ్మే వీలు లేని చోట తనఖా చిక్కుగా ఉండటం, నమ్మదగిన వ్యాపారాలు తక్కువ కావడం వల్ల అప్పులు ఆ వేగంతో పెరగవు.

వెనక ఉండిపోయినవారి సంగతి ఏమిటి?

ఈ ప్రశ్న అడగకుండా రెమిటెన్సులను పొగడటం నిజాయితీ కాదు. 2002 నుంచి న్యూజిలాండ్ ఏటా లాటరీ తీసి కొందరు టోంగన్లకు శాశ్వత నివాసం ఇస్తోంది. లాటరీ తగిలినవారినీ తగలనివారినీ పోల్చిన గిబ్సన్, మెకెంజీ, స్టీవెన్ స్టిల్‌మన్‌లు, వెళ్ళినవారి ఆదాయం మొదటి ఏడాదే 263 శాతం పెరిగిందని కనుగొన్నారు. కానీ అదే లాటరీ మీద వారు చేసిన మరో అధ్యయనంలో, వెనక మిగిలిన కుటుంబ సభ్యుల వనరులు తొలి కాలంలో తగ్గినట్టు తేలింది. సంపాదించే మనిషి వెళ్ళిపోయాడు, పంపే డబ్బు ఆ లోటును ఇంకా పూడ్చలేదు.

సీజనల్ పనిలో ఈ లోటు మరో రూపంలో కనిపిస్తుంది. పెండలం నాటే వేళకు బలమైన చేతులు యాపిల్ తోటల్లో ఉంటాయి. తాతయ్యలే పొలం చూస్తారు, భార్య ఒంటరిగా పిల్లలనూ చర్చి బాధ్యతలనూ మోస్తుంది. కొన్ని కాపురాలు విచ్ఛిన్నమవుతాయి. నర్సులు, ఉపాధ్యాయులు, పోలీసులు ఉద్యోగాలు వదిలి పండ్లు కోయడానికి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో, బడిలో ఏర్పడే ఖాళీని ఎవరి జీతమూ పూడ్చదు.

రెండవ తరం కూడా పంపుతుందా?

కాలం గడిచేకొద్దీ బంధం సడలి డబ్బు ఆగిపోతుందని చాలామంది ఊహించారు. 1990లలో ఆస్ట్రేలియాలోని టోంగన్లు, సమోవన్ల మీద రిచర్డ్ బ్రౌన్ చేసిన పరిశోధనలో, వలస వెళ్ళినవారు ఏళ్ళు గడిచినా పంపడం గణనీయంగా తగ్గించలేదని తేలింది. ఆ ఫలితం వెళ్ళినవారికి సంబంధించినది. అక్కడే పుట్టి, టోంగన్ భాష అరకొరగా మాట్లాడే మనవరాలు నాయనమ్మ పోయాక ఎవరికి పంపుతుంది? కొత్తగా వెళ్ళేవారు ఉన్నంత కాలం ప్రవాహం నిలుస్తుంది. వీసా విధానాలు బిగిస్తే ఆ ప్రశ్న ఒక్కసారిగా ముందుకు వస్తుంది.

ఇతర ద్వీప దేశాల అనుభవం ఎలా ఉంది?

సమోవా టోంగాకు దగ్గరి పోలిక. జీడీపీతో పోల్చితే అక్కడ రెమిటెన్సులు పావు వంతు, అంతకు మించి ఉంటాయి. కిరిబాటి చాలాకాలం తరావాలోని నావిక శిక్షణ కేంద్రంలో యువకులను తయారు చేసి జర్మన్ కంపెనీల సరుకు ఓడల మీదకు పంపింది. 2008 తరువాత ప్రపంచ వాణిజ్యం మందగించి ఆ ఉద్యోగాలు బాగా తగ్గాయి. ఒకే వృత్తి మీద, ఒకే యజమాని సమూహం మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ దేశం చూపించింది. అట్లాంటిక్‌లోని కేప్ వెర్డే మరో దారి పట్టింది: ప్రవాసులు స్వదేశపు బ్యాంకుల్లో డిపాజిట్లు ఉంచేలా ప్రోత్సహించింది, అవి ఆ దేశ ఆర్థిక వ్యవస్థకు పెద్ద ఆసరా అయ్యాయి. పసిఫిక్‌లోని మరో చిన్న దీవి నియూవే ప్రజలు న్యూజిలాండ్ పౌరులు కాబట్టి ఎక్కువమంది అక్కడికే వెళ్ళిపోయారు. దీవిలో రెండు వేల మంది కూడా లేరు. అందుకోవడానికి ఇంట్లో ఎవరూ మిగలకపోతే రెమిటెన్సుకు అర్థమే ఉండదు.

ప్రభుత్వాలు చేయవలసింది ఏమిటి?

నా అభిప్రాయంలో ఈ డబ్బు కుటుంబానిది. దాన్ని ఏ పెట్టుబడిలోకి మళ్ళించాలా అని ప్రణాళికలు వేయడం కంటే, అది చౌకగా, భద్రంగా, త్వరగా చేరేలా చూడటమే ప్రభుత్వం పని. రెండవ కేబుల్, లేదా కేబుల్ తెగినా కౌంటర్లు నడిచేలా ఉపగ్రహ ఏర్పాటు కావాలి. టోంగాలోనే దూరంగా ఉన్న హాపై, వవావు, నియువా దీవులలో నివసించేవారు డబ్బు కోసం పడవెక్కి రావలసిన అవసరం ఉండకూడదు. ఒకే ఊరి నుంచి అందరినీ ఒకేసారి తీసుకుపోకుండా సీజనల్ నియామకాలను దీవుల మధ్య పంచాలి. యజమాని దేశాల బాధ్యత ఇంకా పెద్దది: కార్మికుల జీతంలో గది అద్దె పేరిట, రవాణా పేరిట జరిగే కోతలపై నిజమైన తనిఖీ ఉండాలి, జబ్బు చేస్తే వైద్యం అందాలి.

పంపేవారు ముందుగా ఏమి చూసుకోవాలి?

రుసుము ఎంత అని అడగడం సరిపోదు. 'రుసుము లేదు' అని బోర్డు పెట్టినవారు రేటులో కోసుకోవచ్చు. నేను ఇన్ని డాలర్లు ఇస్తే మా అమ్మ చేతికి సరిగ్గా ఎన్ని పాఅంగాలు వస్తాయి అని రెండు మూడు చోట్ల అడిగి పోల్చుకోవాలి. పసిఫిక్ దేశాలకు పంపే ధరలను పక్కపక్కన చూపే సెండ్‌మనీపసిఫిక్ అనే వెబ్‌సైటు ఇందుకు ఉపయోగపడుతుంది. అందుకునేవారి పేరు వారి గుర్తింపు పత్రంలో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయించాలి. ఆ ఒక్క అక్షరం వల్లే దూరపు దీవి నుంచి వచ్చిన ముసలావిడ కౌంటరు దగ్గర నుంచి ఖాళీ చేతులతో తిరిగి పడవెక్కవలసి వస్తుంది.